గడియారం ఎవరిదో ముందు తేల్చుకోండి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఏటా మార్చి దాటగానే నాకు వచ్చే ఉత్తరాల్లో సగం ఒకే గొడవ మీద ఉంటాయి. అమెరికా వాళ్లు వేసవి కోసం గడియారం ఒక గంట ముందుకు జరుపుకుంటారు, నవంబరులో మళ్లీ వెనక్కి తిప్పుతారు. ఇక్కడ బొబ్బిలిలో, చీపురుపల్లిలో, శ్రీకాకుళంలో ఇంట్లో కూర్చుని వాళ్లకి పని చేసిపెట్టే మన పిల్లల ప్రోగ్రాములు వేళ తప్పి నడుస్తాయి. ఈసారి ఆ ఉత్తరాలన్నీ ఒక్కచోట చేర్చి జవాబులు రాస్తున్నాను. విజయనగరం వదలకుండానే చాలా ఏళ్లు పరాయి దేశాల సర్వర్ల మీద రాత్రి పనులు నడిపించే ఉద్యోగం చేశాను కాబట్టి, ఈ విషయంలో నా అభిప్రాయాలు కాస్త గట్టిగానే ఉంటాయి.

ప్రశ్న: మేడం, నేను ఇంటి నుంచి న్యూజెర్సీ కంపెనీ ఒకదానికి పని చేస్తున్నాను. వాళ్ల గోడౌన్ల స్టాకు రిపోర్టు రోజూ ఉదయం 8 గంటలకి మేనేజర్ల మెయిల్లో ఉండాలి. జనవరిలో లెక్క చూసుకుని మన టైము సాయంత్రం 6:30కి క్రాన్‌లో (చెప్పిన వేళకి ప్రోగ్రాంని దానంతట అదే నడిపే సాధనం) పెట్టాను. మార్చి రెండో వారం నుంచి రిపోర్టు 9కి వస్తోందని ఒకటే ఫిర్యాదులు. అన్నీ యూటీసీలో (ప్రపంచమంతటికీ ఉమ్మడి ప్రమాణ సమయం) పెట్టేస్తే ఈ గొడవే ఉండదని మా సీనియర్ అంటున్నారు. నిజమేనా? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: టెన్షన్ పడకండి బాబూ, మీరు వేసిన లెక్క జనవరికి సరైనదే. చలికాలంలో న్యూయార్క్, న్యూజెర్సీ వైపు టైము యూటీసీ కంటే 5 గంటలు వెనక ఉంటుంది. మనం యూటీసీ కంటే ఐదున్నర గంటలు ముందు. రెండూ కలిపితే తేడా పదిన్నర గంటలు. వాళ్ల ఉదయం 8 అంటే మన సాయంత్రం 6:30. మార్చి 8న వాళ్లు గడియారం ముందుకు జరిపారు, తేడా తొమ్మిదిన్నరకి తగ్గింది. మీ ప్రోగ్రాం మాత్రం మన 6:30నే పట్టుకుని కూర్చుంది. అక్కడ అప్పటికి 9 అయిపోయింది.

ఇక మీ సీనియర్ గారి సలహా. ఆ సలహా చాలామంది చాలా నమ్మకంగా ఇస్తారు గానీ మీ సమస్యకి అది మందు కాదు. మన 6:30ని యూటీసీలోకి మారిస్తే 13:00. యూటీసీ ఏడాది పొడుగునా మారదు, మన టైమూ మారదు. అంటే 13:00 అని రాసినా, 6:30 అని రాసినా ప్రోగ్రాం నడిచేది ఒక్క క్షణంలోనే. మార్చి 9 సోమవారం మేనేజరుకి రిపోర్టు 9 గంటలకే వచ్చేది. మారేది న్యూజెర్సీ గడియారం. ఆ మార్పు మీ షెడ్యూలుకి తెలియాలంటే షెడ్యూలు న్యూజెర్సీ గడియారాన్నే చూడాలి.

నేను కొత్తగా చేరిన పిల్లలకి మొదటిరోజే చెప్పే మాట ఇది: టైము రాసే ముందు, ఈ పని ఎవరి గడియారానికి కట్టుబడి ఉందో అడగండి. మీ రిపోర్టు మేనేజరు కుర్చీలో కూర్చునే వేళకి కట్టుబడి ఉంది, కాబట్టి అది న్యూయార్క్ గడియారం పని. పలాసలో వ్యాపారి పొద్దున్నే దుకాణం తెరిచేసరికి ధరల పట్టీ తయారుగా ఉండాలంటే అది మన గడియారం పని. పదిహేను నిమిషాలకోసారి రెండు డేటాబేసులను సరిచూసే పని, పాత లాగ్ ఫైళ్లు తుడిచే పని ఎవరి గడియారానికీ చెందవు. అలాంటివి యూటీసీలో పెట్టుకోండి, హాయిగా నడుస్తాయి. యూటీసీ మంచిదే. కానీ మనుషులు కాచుకుని కూర్చునే పనికి మాత్రం ఆ మనుషుల ఊరి టైము రాయాలి.

ఆ ఊరిని రాసే పద్ధతి కూడా ఒకటుంది. 'ఈఎస్‌టీ' అని మూడక్షరాలు రాయకండి. చాలా సాఫ్ట్‌వేర్లలో ఆ మూడక్షరాలకి అర్థం యూటీసీ కంటే 5 గంటలు వెనక, ఏడాదంతా అంతే, వేసవి మార్పు లేదు అని. అది రాసి, టైమ్ జోన్ (ఏ ప్రాంతపు గడియారమో) పెట్టాను కదా అని ధైర్యంగా ఉంటే మళ్లీ ఇదే కథ. మన 'ఐఎస్‌టీ' పరిస్థితి ఇంకా అన్యాయం. ఇండియాకీ అదే, ఇజ్రాయెల్‌కీ అదే, ఐర్లండు వేసవి టైముకీ అదే. 'అమెరికా/న్యూయార్క్' (America/New_York), 'ఆసియా/కోల్‌కతా' (Asia/Kolkata) లాంటి పూర్తి పేర్లు వాడండి. ప్రపంచంలో ఏ ప్రాంతం ఎప్పుడు గడియారం ఎలా మార్చిందో రాసిపెట్టిన ఉమ్మడి డేటాబేస్ ఒకటుంది. లైనక్స్, ఆండ్రాయిడ్, జావా, పైథాన్ అన్నీ దాని మీదే ఆధారపడతాయి. అందులో న్యూజెర్సీకి విడిగా పేరు లేదు, న్యూయార్క్ పేరే దానికీ వర్తిస్తుంది.

ఇప్పుడు మీ క్రాన్ సంగతి. రెడ్‌హ్యాట్ రకం లైనక్స్ అయితే అందులో ఉండేది క్రోనీ అనే రకం క్రాన్. క్రాన్ టేబుల్లో మీ వరుసకి పైన 'క్రాన్ టీజెడ్' (CRON_TZ) అనే వేరియబుల్‌కి న్యూయార్క్ జోన్ పేరు ఇచ్చి, కింద 0 8 * * 1-5 అని రాస్తే చాలు. సున్నా నిమిషాలు, 8 గంటలు, సోమవారం నుంచి శుక్రవారం దాకా. లెక్క కట్టే పని మీది కాదిక. డెబియన్‌తో వచ్చే పాత క్రాన్‌కి ఈ సౌకర్యం లేదు, అందులో పెట్టి పనిచేస్తుందని అనుకోవద్దు. చాలా సర్వర్ల మీద ప్రోగ్రాములు నడిపించే కుబర్నెటిస్ వాడుతుంటే క్రాన్‌జాబ్‌లో టైమ్ జోన్ రాసే చోటు 2023లో వచ్చిన 1.27 వెర్షన్ నుంచి పక్కాగా ఉంది. అమెజాన్ క్లౌడ్‌లో 2022లో వచ్చిన ఈవెంట్‌బ్రిడ్జ్ షెడ్యూలర్‌లోనూ జోన్ పెట్టుకోవచ్చు. జావా వాళ్లు వాడే స్ప్రింగ్‌లో రాసిన ప్రోగ్రాం అయితే షెడ్యూల్డ్ అనే గుర్తు పక్కనే జోన్ ఇవ్వొచ్చు.

ఇవేవీ కుదరకపోతే ఒక పాత పద్ధతి ఉంది, అందంగా ఉండదు గానీ మోసం చేయదు. ప్రోగ్రాంని యూటీసీ 12:00కీ, 13:00కీ రెండుసార్లు లేపండి. లేవగానే అది చేసే మొదటి పని న్యూయార్క్‌లో ఇప్పుడు గంట ఎంతయిందో చూడటం. 8 అయితే రిపోర్టు పంపుతుంది, కాకపోతే మాట్లాడకుండా పడుకుంటుంది.

ఇంతవరకు అందరూ చెబుతారు. ఎవరూ చెప్పనిది, నన్ను ఎక్కువ భయపెట్టేది ఇంకొకటి ఉంది. మీ రిపోర్టుకి ముందు ఇంకో పని ఉంటుంది కదా, గోడౌన్ల నుంచి స్టాకు లెక్కలు తెచ్చేది? అది ఎవరి గడియారంలో నడుస్తోందో కనుక్కోండి. అది యూటీసీ 12:30కి నడుస్తోందనుకుందాం. చలికాలంలో అది న్యూయార్క్ 7:30. లెక్కలు వచ్చిన అరగంటకి మీ రిపోర్టు తయారవుతుంది, అంతా సవ్యం. మీరిప్పుడు రిపోర్టు ఒక్కదాన్నే న్యూయార్క్ 8 గంటలకి కట్టారు. మార్చి తర్వాత యూటీసీ 12:30 అంటే న్యూయార్క్ 8:30. అంటే లెక్కలు రాకముందే రిపోర్టు వెళ్లిపోతుంది, నిన్నటి స్టాకుతో. మెయిలు సరిగ్గా 8కే వచ్చిందని మేనేజరు సంతోషిస్తారు. ఎక్కడా ఎర్రర్ ఉండదు. రెండు మూడు వారాల తర్వాత ఎవరో సరుకు లేని గోడౌనుకి లారీ పంపుతారు, అప్పుడు బయటపడుతుంది. ఆలస్యంగా వచ్చిన రిపోర్టు కంటే ఇది వంద రెట్లు ప్రమాదం. అందుకని రెండో పనిని టైముకి కట్టకండి, మొదటి పని పూర్తవడానికి కట్టండి. అది ముగిశాకే ఇది మొదలవ్వాలి. అలా కుదరదంటే రెండింటినీ ఒకే జోన్‌లో పెట్టండి.

మార్చిన తర్వాత నిజంగా సరిపోయిందో లేదో నవంబరు దాకా ఆగక్కర్లేదు. సిస్టమ్‌డీ (సర్వర్‌లో పనులను మొదలుపెట్టి నడిపించే భాగం) ఉన్న లైనక్స్‌లో 'సిస్టమ్‌డీ-అనలైజ్ క్యాలెండర్' అనే కమాండ్‌కి మీ షెడ్యూలుని జోన్ పేరుతో సహా సిస్టమ్‌డీ తీరులో రాసి ఇచ్చి (క్రాన్ వరుస దానికి అర్థం కాదు), రాబోయే పరుగులు ఎన్ని కావాలంటే అన్ని చూపించమనండి. ఒక్కోదాని కింద యూటీసీ టైము కూడా చూపిస్తుంది. అక్టోబరు 30 శుక్రవారం 12:00 అనీ, నవంబరు 2 సోమవారం 13:00 అనీ కనిపించాలి. రెండూ ఒకటే కనిపిస్తే జోన్ అంటుకోలేదని అర్థం.

ప్రశ్న: పోయిన నవంబరు మొదటి ఆదివారం మా క్లయింటు కస్టమర్లకి బాకీ గుర్తుచేసే మెసేజ్ రెండుసార్లు వెళ్లింది. షెడ్యూలు న్యూయార్క్ టైము అర్ధరాత్రి దాటాక 1:30. జోన్ పేరు సరిగ్గానే పెట్టాం, ప్రోగ్రాంలో తప్పేమీ లేదు. మరి ఎందుకిలా?
– ఒక పాఠకురాలు, చీపురుపల్లి

జవాబు: 2025 నవంబరు 2న న్యూయార్క్‌లో రాత్రి 2 అవుతూనే గడియారాన్ని మళ్లీ 1కి తిప్పారు. ఆ రాత్రి 1:30 రెండుసార్లు వచ్చింది. మన టైములో చూస్తే ఒకటి ఉదయం 11 గంటలకి, రెండోది మధ్యాహ్నం 12కి. మీ షెడ్యూలర్ రెండింటికీ లేచింది. దీనికి తిరగేసి మార్చిలో జరుగుతుంది. 2 కావాల్సిన చోట నేరుగా 3 అవుతుంది కాబట్టి ఆ రాత్రి 2:30 అన్న టైమే ఉండదు. ఆ టైముకి పెట్టిన పనిని కొన్ని షెడ్యూలర్లు వదిలేస్తాయి, కొన్ని కాస్త ఆలస్యంగా నడుపుతాయి. డెబియన్ క్రాన్ లాంటివి కొంత జాగ్రత్త తీసుకుంటాయి: ఎగిరిపోయిన పనిని వెంటనే నడుపుతాయి, తిరిగొచ్చిన గంటలో మళ్లీ నడపవు. అన్నీ అలా ఉండవు గనక దాన్ని నమ్ముకోవద్దు.

ప్రోగ్రాంలో తప్పు లేదన్న మాట మాత్రం నేను ఒప్పుకోనమ్మా. రెండుసార్లు లేపితే రెండుసార్లు డబ్బు అడిగే ప్రోగ్రాంలో తప్పు ఉన్నట్టే. గడియారం వల్లే కాదు, సర్వర్ మధ్యలో ఆగి మళ్లీ మొదలైనా, ఎవరైనా చేత్తో ఇంకోసారి నడిపినా ఇదే జరుగుతుంది. ఒక చిన్న టేబుల్ పెట్టండి. అందులో పని పేరు, అది ఏ తేదీ కోసమో ఆ తేదీ. ఈ రెండూ కలిపి ఒక్కసారే ఉండాలన్న నిబంధన డేటాబేస్‌లోనే పెట్టండి. ప్రోగ్రాం లేవగానే ముందు అక్కడ వరుస రాయాలి. రాయనివ్వలేదంటే ఆ రోజు పని అప్పటికే మొదలైందన్నమాట, అక్కడే ఆగిపోవాలి. మధ్యలో చచ్చిపోయిన పరుగును గుర్తుపట్టడానికి పూర్తయిందా లేదా అన్న గడి కూడా ఉంచండి.

ఆదివారం తెల్లవారుజామున 1 నుంచి 3 మధ్య అమెరికా గడియారానికి ఏ పనీ పెట్టకపోవడం ఇంకా సులువు. లండన్‌కి అయితే 1 నుంచి 2 మధ్య.

అసలు బాకీ మెసేజ్ రాత్రి ఒంటిగంటన్నరకి ఎందుకు పంపుతున్నారు? సర్వర్ ఖాళీగా ఉంటుందనే కదా. జాబితా తయారుచేసే పని రాత్రి చేసుకోండి, మెసేజ్ మాత్రం ఆ మనిషి మెలకువగా ఉండే పూట, పది గంటలకో పదకొండుకో పంపండి. నిద్రలో ఫోను మోగి బాకీ గుర్తు చేయడం మర్యాద కాదు.

ప్రశ్న: నేను సాఫ్ట్‌వేర్ మనిషిని కాను, రిటైరైన లెక్కల మాస్టర్ని. మనవడు అమెరికా కంపెనీ పని చేస్తూ రోజూ ఈ అరగంటతో కుస్తీ పడుతున్నాడు. అన్ని దేశాలకీ గంటల లెక్క ఉంటే మనకి ఐదున్నర ఎందుకు వచ్చింది?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: మాస్టారూ, మీకు లెక్క చెప్పేదాన్ని కాను గానీ వివరం చెబుతాను. భూమి గంటకి 15 డిగ్రీలు తిరుగుతుంది. మన దేశానికి ఇంచుమించు నడిమధ్యలో ఉన్న 82½ డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని ప్రమాణంగా తీసుకున్నారు. దాన్ని 15తో భాగిస్తే ఐదున్నర. ఆ రేఖ మన కాకినాడ దగ్గర్నుంచే పోతుంది. 1906 జనవరి 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. అంతకు ముందు మన ఉత్తరాంధ్ర ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీకి మద్రాసు టైము ఉండేది, గ్రీన్‌విచ్ కంటే 5 గంటల 21 నిమిషాల చిల్లర ముందు. రైళ్లూ ఆ టైముకే నడిచేవి. కలకత్తా, బొంబాయి తమ సొంత టైములను 1906 తర్వాత కూడా చాలాకాలం వదల్లేదు.

శ్రీకాకుళం దాదాపు 83.9 డిగ్రీల మీద ఉంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున, మీ నెత్తిమీదికి సూర్యుడు రావడం గడియారం చెప్పేదానికంటే సగటున ఐదారు నిమిషాలు ముందే జరుగుతుంది. మార్చిలో, అక్టోబరులో అరసవల్లిలో కిరణాలు స్వామి పాదాల మీద పడే ఉదయాలు కూడా సూర్యుడి లెక్కే, ఇండియన్ స్టాండర్డ్ టైముతో ఆయనకి పని లేదు. నేపాల్ వాళ్లు మనకంటే ఇంకో పావుగంట ముందు, ఐదూ ముప్పావు.

మీ మనవడికి ఒక మాట చెప్పండి. యూటీసీలో ఉన్న సర్వర్ మీద 'ఆరు గంటలకోసారి' అని పెడితే ఆ పని మన టైములో 5:30కి, 11:30కి నడుస్తుంది, 6కీ 12కీ కాదు. మన 6 గంటలు కావాలంటే నిమిషాల గడిలో సున్నా తీసేసి 30 రాయాలి. ఇంకొకటి: రెండో ప్రపంచయుద్ధ కాలంలో, 1942 నుంచి 1945 వరకు మన దేశ గడియారం ఇంకో గంట ముందుకి జరిపి ఉండేది. 1943లో పుట్టిన పెద్దల రికార్డు తెరిస్తే కంప్యూటర్ ఆరున్నర గంటల తేడా చూపిస్తుంది. పిల్లలు దాన్ని తప్పనుకుని 'సరిచేస్తారు'. అది తప్పు కాదు, సరిచేయొద్దని చెప్పండి.

ప్రశ్న: పలాస వైపు జీడిపప్పు వ్యాపారులు కొందరికి లెక్కల సాఫ్ట్‌వేర్ చేసి ఇచ్చాం. ప్రతి నెలా 1వ తేదీ తెల్లవారుజామున 3 గంటలకి పోయిన నెల ఖాతా మూయాలి. క్లౌడ్ సర్వర్ యూటీసీలో ఉంది. 1వ తేదీ 3 గంటలు అని పెడితే ఇక్కడ 8:30కి నడిచి, సరిగ్గా బిల్లులు కొట్టే వేళకి సిస్టమ్ మొరాయిస్తోంది. ఐదున్నర తగ్గించబోతే తేదీ కుదరడం లేదు.
– ఇద్దరు మిత్రులు, శ్రీకాకుళం

జవాబు: కుదరదు. మన 1వ తేదీ ఉదయం 3 అంటే యూటీసీలో ముందురోజు 21:30. ఆ ముందురోజు ఒక నెలలో 30, ఒక నెలలో 31, ఫిబ్రవరిలో 28 లేదా 29. 'నెలలో ఆఖరి రోజు' అని మామూలు క్రాన్‌కి చెప్పే వీలు లేదు. జోన్ పెట్టుకునే షెడ్యూలర్‌కి మారండి, ఆసియా/కోల్‌కతా అని రాసి 0 3 1 * * పెట్టండి (సున్నా నిమిషాలు, 3 గంటలు, 1వ తేదీ). మారలేకపోతే 30 21 28-31 * * అని పెట్టి, ప్రోగ్రాం మొదట్లోనే ఇండియాలో ఇప్పుడు తేదీ 1 అవునో కాదో చూసుకోమనండి. నెలాఖరున అది నాలుగు రాత్రుల దాకా లేస్తుంది, ఒక్క రాత్రే పని చేస్తుంది.

వారాల్లోనూ ఇదే చిక్కు ఉంది. మన సోమవారం ఉదయం 4 గంటల పని యూటీసీకి ఆదివారం పని. సోమవారం నుంచి శుక్రవారం అని అలాగే ఉంచేస్తే మన సోమవారం పని జరగదు, శనివారం అనవసరంగా జరుగుతుంది. మనకి అర్ధరాత్రి నుంచి ఉదయం ఐదున్నర లోపు పెట్టే ప్రతి పనికీ వారం పేరు కూడా ఒకసారి చూసుకోవాలి.

ఖాతా మూసే ప్రోగ్రాం లోపల 'పోయిన నెల' అంటే ఏమిటో కూడా చూడండి. 31వ తేదీ రాత్రి 11 గంటలకి మన వ్యాపారి కొట్టిన బిల్లు యూటీసీలోనూ 31వ తేదీదే. కానీ 1వ తేదీ తెల్లవారుజామున లారీ లోడు చేసి 4 గంటలకి కొట్టిన బిల్లు యూటీసీ ప్రకారం పోయిన నెలలో పడిపోతుంది. జీఎస్టీ లెక్కలో అది తేడా తెస్తుంది. నెల సరిహద్దు మన టైములోనే గీయండి.

ప్రశ్న: అమ్మా, మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. ఆదివారం పొద్దున్న ఏడున్నరకి వీడియో కాల్ చేస్తే మనవరాలితో మాట్లాడేదాన్ని. ఇప్పుడు చేస్తే పాప పడుకుందంటున్నారు. ఫోనులో అలారం పెట్టుకున్నాను, అది సరిగ్గానే మోగుతోంది.
– ఒక అమ్మమ్మ కాదు నాయనమ్మ, గజపతినగరం

జవాబు: నాయనమ్మ గారూ, మీ అలారం మంచిదే. డల్లాస్‌లో చలికాలంలో మీ ఏడున్నర అంటే శనివారం రాత్రి 8. ఇప్పుడు అది 9 అయింది, పసిపిల్ల పడుకోదూ మరి. నవంబరు దాకా ఆదివారం ఉదయం ఆరున్నరకి చేయండి, అక్కడ 8 అవుతుంది. ఈ ఏడాది నవంబరు 1 ఆదివారం వాళ్ల గడియారం వెనక్కి వెళ్తుంది. అది జరిగేసరికి మనకి మధ్యాహ్నం పన్నెండున్నర, కాబట్టి ఆ ఉదయం కూడా ఆరున్నరకే చేయాలి. నవంబరు 8 నుంచి మళ్లీ ఏడున్నర.

ఇదంతా గుర్తుంచుకోవడం కష్టమైతే, అబ్బాయి తన ఫోను క్యాలెండర్‌లో శనివారం రాత్రి 8 అని డల్లాస్ టైముకి ప్రతివారం వచ్చేలా పెట్టి మీకు ఇన్వైట్ పంపమనండి. మీ ఫోనులో దానంతట అదే ఒకసారి ఆరున్నర, ఒకసారి ఏడున్నర అని మారుతుంది. అలారం తీసేసి ఆ రిమైండర్‌నే నమ్ముకోండి.

ప్రశ్న: నేను ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. ఆస్పత్రి అపాయింట్‌మెంట్ల యాప్ ప్రాజెక్టుగా చేస్తున్నాం. టైములన్నీ డేటాబేస్‌లో యూటీసీలోనే దాచాలని చదివాను. అంతేనా, ఇంకేమైనా చూసుకోవాలా?
– ఒక విద్యార్థిని, విజయనగరం

జవాబు: మంచి ప్రశ్న తల్లీ. జరిగిపోయిన వాటికి అది నూటికి నూరు పాళ్లు సరైన మాట. రోగి ఎప్పుడు వచ్చారు, బిల్లు ఎప్పుడు కట్టారు, ఎవరు రికార్డు మార్చారు, ఇవన్నీ యూటీసీలో దాచండి, చూపించేటప్పుడు మాత్రం మన టైములోకి మార్చి చూపండి.

జరగబోయే వాటికి అది చాలదు. డాక్టరుగారు వచ్చే ఏడాది ఒక తేదీన 10:30కి చూస్తానన్నారంటే, ఆ ఊళ్లో గడియారం 10:30 చూపించినప్పుడు అని అర్థం. మన దేశంలో టైము మారదు కాబట్టి తేడా కనిపించదు. మీ యాప్‌ని బయటి దేశాల వాళ్లు వాడితే కనిపిస్తుంది. మెక్సికో 2022లో చాలా ప్రాంతాల్లో వేసవి టైము ఎత్తేసింది. ఈజిప్టు 2023లో తిరిగి మొదలుపెట్టింది. ముందే యూటీసీలోకి మార్చి దాచిన అపాయింట్‌మెంట్లు అలాంటప్పుడు ఒక గంట పక్కకి జరుగుతాయి. తేదీ, అక్కడి టైము, జోన్ పేరు – ఈ మూడూ దాచి, యూటీసీ లెక్కని వాటి నుంచి కట్టుకోండి. నిబంధన మారితే టైమ్ జోన్ డేటా అప్‌డేట్ చేసి మళ్లీ లెక్క కడితే సరిపోతుంది. ఆ డేటా అప్‌డేట్ చేయడం మాత్రం మానొద్దు. పైథాన్‌లో 3.9 వెర్షన్ నుంచి టైమ్ జోన్ల లెక్క చూసే జోన్‌ఇన్ఫో అందులోనే ఉంది, దాంతో మొదలుపెట్టండి.

పుట్టినతేదీకి అసలు టైమే పెట్టకండి, జోనూ పెట్టకండి. జూన్ 15న పుట్టిన బిడ్డకి మన అర్ధరాత్రి సున్నా గంటలు అని కంప్యూటర్ తనంతట తాను టైము చేర్చి యూటీసీలో దాస్తే జూన్ 14, 18:30 అవుతుంది. టీకా కార్డు మీద ఒకరోజు ముందు తేదీ అచ్చవుతుంది. ఇది ఎన్నో యాప్‌లలో ఇప్పటికీ జరుగుతూనే ఉంది. ఆ గడికి వట్టి తేదీ రకం చాలు.

సెలవుల పట్టిక కూడా చేత్తో నింపేలా ఉంచండి. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం. ఏటా తేదీ మారుతుంది. గంట స్తంభం చుట్టుపక్కల ఆ రోజు అడుగు పెట్టే చోటుండదు, అపాయింట్‌మెంట్ ఇచ్చినా రోగి రాలేరు. దాన్ని క్రాన్ వరుసతో పట్టుకోవాలని చూడకండి. ఏడాదికోసారి పంచాంగం చూసి ఒకరు రాసుకుంటే అయిపోతుంది.

ప్రశ్న: మా టీమ్ న్యూయార్క్, లండన్, ఇక్కడ మేము ఇద్దరం. రోజూ మీటింగ్ న్యూయార్క్ ఉదయం 11కి. చలికాలమంతా మాకు రాత్రి తొమ్మిదిన్నర, ఇప్పుడు ఎనిమిదిన్నర. నాకు నాలుగేళ్ల పాప. అన్నం పెట్టే వేళ, పడుకోబెట్టే వేళ రెండూ పోతున్నాయి. అడగాలంటే మొహమాటంగా ఉంది.
– ఒక సోదరి, నెల్లిమర్ల

జవాబు: మొహమాటం వదిలేయమ్మా. సర్వర్లకి ఇంత ఆలోచించి టైము కుదురుస్తాం, మనిషికి ఎందుకు కుదర్చకూడదు? మీ లీడ్‌కి కోపం రాదు. మీ ఇంట్లో అప్పుడు ఎన్ని గంటలైందో ఆయన ఎప్పుడూ చూసి ఉండరు, అంతే. మాటల్లో చెప్పకుండా ఒక చిన్న పట్టిక పంపండి. న్యూయార్క్ ఉదయం 8 అయితే ఇప్పుడు లండన్‌లో మధ్యాహ్నం 1, మనకి సాయంత్రం ఐదున్నర. నవంబరులో న్యూయార్క్ గడియారం వెనక్కి వెళ్లాక మనకి ఆరున్నర, లండన్‌కి మళ్లీ 1. ఎవరికీ బాగా పొద్దుపోయిన వేళ కాదు.

ఒక్క తిరకాసు ఉంది, అది కూడా పట్టికలో రాయండి. లండన్, న్యూయార్క్ ఒకే రోజు గడియారం మార్చవు. ఈ ఏడాది మార్చి 8 నుంచి 29 దాకా అలాగే గడిచింది, మళ్లీ అక్టోబరు 25 నుంచి నవంబరు 1 దాకా వస్తుంది. ఆ వారం న్యూయార్క్ 8 గంటలు లండన్‌కి 12 అవుతుంది, వాళ్ల భోజనం వేళ. మనకి మాత్రం ఆ వారమంతా ఐదున్నరే. క్యాలెండర్‌లో మీటింగ్‌ని న్యూయార్క్ జోన్‌లోనే పెట్టించండి. మీరు మన టైముకి పెడితే నవంబరులో వాళ్లకి 7 అయిపోయి ఇంకో గొడవ మొదలవుతుంది.

8 మరీ పొద్దున్నే అని వాళ్లంటే, ఒక నెల వాళ్లకి తొందరగా, ఒక నెల మనకి ఆలస్యంగా అని వంతులు అడగండి. రోజూ అందరూ కూర్చోవాలా అని కూడా అడగండి. వారానికి రెండు రోజులు మాట్లాడుకుని, మిగిలిన మూడు రోజులు ఎవరి పని వాళ్లు సాయంత్రానికి రాసి పెడితే చాలా టీముల్లో సరిపోతోంది. మీతో ఇక్కడ ఉన్న ఇంకొకరిని కూడా కలుపుకుని ఇద్దరి పేరుతో రాయండి.